నావ కదిలేలోగా

సముద్రపు ఒడ్డున వేలాపురం అనే రాజ్యం ఒకటి ఉండేది. దాన్ని ఏలే ప్రచండవర్మకు రాజ్యం కంటే బిరుదుల మీద మక్కువ ఎక్కువ. పొద్దున్నే వందిమాగధులు ఆయన బిరుదులు చదవడం మొదలుపెడితే, సభలో ముసలివాళ్లకు నిలబడి నిలబడి కాళ్లు పీకేవి. ఆ బిరుదులన్నిటిలోకీ ఆయన ప్రాణంలా చూసుకునేది 'సమస్త భూమండలాధీశ్వర'. నిజానికి గుర్రమెక్కి ఏ దిక్కుకు పోయినా మూడో రోజుకు ఆయన రాజ్యం అయిపోయేది.

ఒక ఏడాది వానలు లేవు. గంజికి కూడా కరువొచ్చింది. ఆ రోజుల్లో పదకొండు మంది కుర్రవాళ్లు రాజుగారి ధాన్యపు కొట్టుకు కన్నం వేసి పట్టుబడ్డారు. ఒక్కొక్కరి పంచె కొంగున దొరికింది రెండు పూటల బియ్యం. అందరిలోకీ పెద్దవాడికి పంతొమ్మిదేళ్లు.

ప్రచండవర్మ మండిపడ్డాడు. "నా గింజ ముట్టినవాడు నా నేల మీద ఉండడానికి వీల్లేదు. సముద్రం దాటించి, నా ఏలుబడిలో లేని ఏదో ఒక దీవిలో దింపేసి రండి!" అని ఆజ్ఞాపత్రం రాయించి ముద్ర వేశాడు.

అలా వెళ్లినవాళ్లు తిరిగి రావడం అంతవరకూ ఎవరూ చూడలేదు.

ఆ కొలువులో మాచన అనే చమత్కారి ఉండేవాడు. ఉప్పుమళ్లలో కూలి చేసుకునే పైడమ్మ అతని ఇంటికి వెతుక్కుంటూ వచ్చింది. ఆమె కొడుకులు ఎర్రన్న, గవరయ్య ఇద్దరూ ఆ పదకొండు మందిలో ఉన్నారు.

"బాబూ, మీరు నవ్విస్తే రాజుగారు ఏదడిగినా ఇస్తారంట. నా బిడ్డల్ని అడగండి బాబూ" అని కాళ్ల మీద పడింది.

"లే అమ్మా. అడుగుతాను" అన్నాడు మాచన.

మూడు రోజులు అడిగాడు. కరువు సంగతి చెప్పి అడిగాడు, చేతులు జోడించి అడిగాడు. "నా నోట వచ్చిన మాట తిరగదు" అన్నదొక్కటే జవాబు.

నాలుగో రోజు పొద్దున రేవులో రెండు నావలు సిద్ధమయ్యాయి. కుర్రవాళ్లను ఎక్కిస్తున్నారని సభకు కబురొచ్చింది. వందిమాగధులు ఎప్పటిలా బిరుదులు చదువుతున్నారు. 'సమస్త భూమండలాధీశ్వర' అనగానే మాచన చటుక్కున లేచాడు.

"తప్పు! ఆ బిరుదు ఇవాళ్టి నుంచి చదవకండి."



"ఏమిటా కూత?" అన్నాడు రాజు.

"కూత నాది కాదు ప్రభూ, ఏలినవారి ఆజ్ఞాపత్రానిది. ఆ కుర్రవాళ్లను మీ ఏలుబడిలో లేని దీవిలో దింపమన్నారు. అంటే మీది కాని నేల కూడా ఉందని తమరే ముద్ర వేసి ఒప్పుకున్నారు. ఇక సమస్త భూమండలం ఎక్కడిది?"

"దీవులు లెక్కలోకి రావు" అని మంత్రి అడ్డుపడ్డాడు.

"దీవి కూడా భూమే కదా మంత్రిగారూ?" అని మాచన రాజువైపు తిరిగాడు. "బిరుదు నిజమైతే వాళ్లను దింపడానికి చోటు లేదు. చోటు ఉందంటే బిరుదు అబద్ధం. ఏది ఉంచమంటారు ప్రభూ?"

రాజు ముఖం ఎర్రబడింది. మీసాలు కదిలాయి. తర్వాత ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు.

"ఓరి మాచనా! నా బిరుదుతోనే నా చేతులు కట్టేశావురా! బిరుదే ఉండనీ. వాళ్లను వదిలేయండి."

కొత్త పత్రం రాయించి, ముద్ర వేసి మాచన చేతికే ఇచ్చాడు. మాచన పరుగున వెనుదిరిగాడు.

"ఆగాగు! ఇది రాణిగారు వినాలి. మళ్లీ చెప్పు."

"ప్రభూ, అవతల నావ..."

"నావ ఎక్కడికి పోతుంది? చెప్పవయ్యా."

కాదంటే రాజు నవ్వు విరిగిపోతుంది. నవ్వు విరిగితే పత్రం వెనక్కి పోతుంది. మాచన మళ్లీ చెప్పాడు. రాణి నవ్వింది. అంతలో సేనాపతి వచ్చాడు. ఇంకోసారి చెప్పాడు. ఈసారి మంత్రి మాటలు రాజే అభినయించి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వి, అప్పుడు వదిలాడు.

మాచన గుర్రాన్ని దౌడు తీయించాడు. రేవులో రెండో నావ మాత్రమే ఉంది. అందులోంచి ఆరుగురిని దింపించాడు. ఐదుగురితో మొదటి నావ ఎప్పుడో లంగరు ఎత్తేసింది. దూరాన దాని తెరచాప గోరంత కనిపిస్తోంది. మాచన వేళ్ల ఉంగరాలన్నీ తీసిచ్చి బెస్తవాళ్లను తెప్పల మీద దాని వెంట పంపాడు. మధ్యాహ్నానికి వాళ్లు నావను అందుకోలేక, చేతులు బొబ్బలెక్కి తిరిగొచ్చారు.

పైడమ్మ గవరయ్యను పట్టుకుని ఒళ్లంతా తడుముతోంది.

"పెద్దోడేడిరా?"

"అన్న ముందు నావలో పోయాడమ్మా" అన్నాడు గవరయ్య. "నన్ను రెండో దాంట్లో ఎక్కించమని భటుడి కాళ్లు పట్టుకున్నాడు. ఈలోగా రాజుగారి మనసు మారొచ్చు అన్నాడు."

మాచన తల వంచుకున్నాడు.

మర్నాడు నిండు సభలో రాజు అతనికి బంగారు కడియం తొడిగి, ఒక ఊరు రాసిచ్చాడు. "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"ఒక నావ ఇప్పించండి ప్రభూ. ఆ ఐదుగురినీ వెతికి తెచ్చుకుంటాను."

ప్రచండవర్మ కళ్లు మెరిశాయి. "వెతకడం దేనికిరా? సమస్త భూమండలం నాదని నువ్వే తేల్చావు. వాళ్లు ఏ దీవిలో ఉన్నా నా రాజ్యంలో ఉన్నట్టే కదా!"

సభ ఘొల్లుమంది. అందరూ మాచన ఏమంటాడోనని చూశారు. మాచన నోరు తెరిచాడు. ఎంత వెతికినా మాట దొరకలేదు. దండం పెట్టి బయటికి వచ్చేశాడు.

కోట గుమ్మం దగ్గర పైడమ్మ కూర్చుని ఉంది. అతన్ని చూసి గబగబా లేచింది.

"రాజుగారు ఏమన్నారు బాబూ?"



"నవ్వారమ్మా" అన్నాడు మాచన.