నివ్వి అన్న ఊ

“నివ్వీ! ఓ నివ్వీ! ఊ అనవేమే?”

జపం చదువుతున్న పెద్దజపం దొర్వయ్య అరిచేసరికే ఆలస్యమైపోయింది. ఒక వాక్యానికి ఊ తప్పింది. ఇంకేముంది, మళ్ళీ మొదట్నుంచి.

అనగనగా, సగం చుక్కలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, మూడు సూర్యుళ్ళ కింద ఒక లోకం ఉండేది. అక్కడ ఒక్కొక్కరికి మూడు నీడలు, నాలుగు చేతులు. రెండు చేతులు పనికి, రెండు దండం పెట్టడానికి. తుమ్మే ముందు ఒక జపం, తుమ్మాక ఒక జపం, తుమ్ము వచ్చినట్టే వచ్చి పోతే ఇంకొకటి. తొమ్మిది లోకాల కూటమిలో వాళ్ళూ ఉన్నారు. సభకు ఎప్పుడూ ఆఖరున వచ్చేది వాళ్ళే.

వాళ్ళ దేవుడు వినేసామి. జపమంటే సామికి కథ చెప్పడమే. కథ చెబితే ఊకొట్టేవాళ్ళు ఉండాలి కదా. అందుకని గుడి ఊడ్చే నివ్విని సామి తరఫున కూర్చోబెట్టారు. ఆమె నోట వచ్చే ఊ సామిదేనని అందరి నమ్మకం.

ఆనాడు ఆకాశరేవు తలుపు బయట ఒక ఓడ ఆగింది. కూటమిలో ఒక లోకం కాలిపోతే, మిగిలిన జనం అందులో ఉన్నారు. గాలి అయిపోతోంది, తలుపు తీయండని కబురు పెట్టారు. తలుపు జపమేమో మూడు వందల వాక్యాలు. చివర్న సామి పొడుగ్గా ఊఁ అంటే గానీ గడియ తీయకూడదు.

మొదటిసారి దొర్వయ్యకు దగ్గొచ్చింది. మళ్ళీ మొదట్నుంచి. రెండోసారి వాక్యం మరిచాడు, మరవలేదని కాసేపు వాదించాడు. మళ్ళీ మొదట్నుంచి. ఈ మూడోసారి నివ్వి ఓడ అద్దం వైపు చూస్తూ ఊ మరిచింది. అద్దం మీద ఎవరిదో ఊపిరి తెల్లపువ్వులా పూస్తోంది, చెరుగుతోంది, మళ్ళీ ఇంకాస్త చిన్నగా పూస్తోంది.

“అయ్యా, వాళ్ళు చచ్చిపోతున్నారు,” అంది.

“వాళ్ళ కోసమేగా ఈ జపం. ఓపిక పట్టవే.”

నివ్వికి ఒళ్ళు మండింది. దొర్వయ్య గొంతు సవరించుకుంటున్నాడు, ఇంకా మొదలే పెట్టలేదు, ఆమె పొడుగ్గా ఊఁ అనేసింది. గడియవాళ్ళు అది విని తలుపు తీసేశారు.

ఓడ జనమంతా బతికారు. కథ వినకుండానే సామి ఊ అన్నాడని, ఎంత మహిమ అని లోకం మురిసిపోయింది. ఆ మహిమ మీద కొత్త జపం కట్టారు. ఆరు వందల వాక్యాలు. దానికి ఊకొట్టేదీ నివ్వే. నిజం చెబుదామని ఆమె మూడుసార్లు నోరు తెరిచింది. ఒకసారి జపం వేళ అన్నారు. ఒకసారి వరుసలో రమ్మన్నారు. ఒకసారి, మాట్లాడే ముందు చదవాల్సిన జపం చదివావా అని అడిగారు.

ఇప్పుడు ఆ లోకంలో ఎవరు తలుపు తట్టినా, లోపలున్నవాళ్ళు ఊఁ అంటూనే లేచి వెళ్ళి తీస్తారు. జపం ఆ తర్వాతే, నింపాదిగా. దాన్ని నివ్వి ఊ అంటారు. అది ఆమె పోతూ పోతూ నేర్పి పోయింది.

ముసలితనాన ఆమె మంచం పట్టిన రోజునే రేవుకు ఇంకో ఓడ వచ్చి తట్టింది. ఎవరూ గడియ ముట్టుకోలేదు. అందరూ ఆమె మంచం చుట్టూ చేరి, సామి మళ్ళీ ఎప్పుడు ఊ అంటాడా అని ఆరు వందల వాక్యాలూ మొదలుపెట్టారు. ఎవరో తడబడ్డారు. మళ్ళీ మొదట్నుంచి.

నివ్వి విసుగ్గా నాలుగు చేతులూ ఎత్తి వాళ్ళను ఆపింది.

“ఆనాటి ఊ సామిది కాదర్రా,” అంది. “నాది. ముందు పోయి తలుపు తీయండి.”