గోడ దూకిన బీరపాదు

తెలివివలసలో తెలివికి కరువు లేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గేదెను కొన్నా, పెళ్ళి కుదుర్చుకున్నా వీళ్ళని ఒక్క సలహా అడగరు. "మన తెలివి చూసి జంకుతున్నార్రా!" అని మీసం దువ్వుకునేవాడు గవరయ్య. ఆయన బడి కమిటీ చైర్మన్. పిల్లలకి మధ్యాహ్న భోజనం వండేది ఆయన భార్య పైడమ్మ, వడ్డించేది బావమరిది సన్యాసి.

భోజనమంటే నీళ్ళపప్పే. రెండో తరగతి నూకాలు రోజూ పళ్ళెంలో వేలు పెట్టి వెతికేది.

"అత్తా, కూరముక్క ఏదీ?"

"ఈదుకుంటూ పోయిందే!"

ఒకరోజు ఆఫీసరు వచ్చాడు. "భోజనం నిధుల్లోంచి బడితోటకి డబ్బిస్తున్నాం. ఇక్కడ కాసిన కూరలే పిల్లల పళ్ళెంలో పడాలి. మళ్ళీ నేనొచ్చేసరికి పడలేదో, తోట పక్క ఊరికి పోతుంది" అన్నాడు. జీపెక్కుతూ, "ఈ మొక్కల్ని కూడా బడిపిల్లల్లాగే చూసుకోండయ్యా" అని ఒక మాట విసిరాడు.

అంతే! మొక్కలు నాటిన మర్నాడే సన్యాసి హాజరు పిలిచాడు.

"వంగమొక్కా!... పలకట్లేదు బావా."

"కొత్త కదరా, సిగ్గు. బీరపాదుని పిలువు."

మధ్యాహ్నం గంట కొట్టారు. బడిపిల్లలన్నాక భోజనం పెట్టొద్దూ? పైడమ్మ పొగలు కక్కే పప్పన్నం ఒక్కో మొక్క మొదట్లో వడ్డించింది. వంగమొక్కలన్నీ తలలు వాల్చేశాయి.

"పాపం, కడుపు నిండి కునుకు పట్టింది" అని పైడమ్మ వాటికి విసనకర్రతో విసిరింది.

నూకాలు పళ్ళెంలో మాత్రం అన్నం సగమే పడింది.

"అత్తా, మిగతా సగం?"

"వంకాయమ్మ తిందే. అది నీకంటే చిన్నది కదా!"

భోజనంలో పిల్లలకి గుడ్డు పెట్టే రోజు వచ్చింది. మొక్కకో గుడ్డు పాతారు. ఇంకేముంది, ఊళ్ళో కోళ్ళన్నీ దిగబడి తోటంతా కెలికేశాయి.

"బావా, కోళ్ళు!"

"కోళ్ళు కాదురా, గుడ్ల తల్లులు! పిల్లలెలా చదువుతున్నారో కనుక్కోడానికి వచ్చుంటాయి. తరమకు, మర్యాదగా కూర్చోబెట్టు."

ఆదివారం సెలవన్నారు, నీళ్ళు పోయలేదు. దసరాకి బడికి తాళం వేశారు, తోటకీ వేశారు. తెరిచేసరికి అన్నీ ఎండి పుల్లలయ్యాయి. ఒక్క బీరపాదు మాత్రం దాని చోట కనిపించలేదు.

నూకాలు గోడెక్కి తొంగిచూసి కేకేసింది. "అత్తా! బీరకాయలు! గోడవతల బావి తడికి పాకింది, బోలెడు పిందెలు! ఇంకో నాలుగు రోజులాగితే కూరే!" ఆ పిల్ల నోట్లో అప్పుడే నీళ్ళూరాయి.

గవరయ్య కళ్ళెర్రజేశాడు. "గోడ దూకి బడి ఎగ్గొడుతుందా! ఇయ్యాళ దీన్ని వదిలేస్తే, రేపు దీన్ని చూసి బడంతా ఎగ్గొట్టదా?"

"మామా, వద్దు మామా! కాయలు కాయనీ!" అని నూకాలు కాళ్ళు పట్టుకుంది.

వింటేనా! బావా బావమరుదులు పాదుని మొదలంటా పీకి, ఈడ్చుకొచ్చి, మొదటి బెంచీకి తాడేసి కట్టారు. ముందర పలక కూడా పెట్టారు.

ఆఫీసరు మళ్ళీ వచ్చేసరికి పాదు పలక మీదే వాడి పడుంది.

"ఇదేంటయ్యా?"

"దారిలో పెట్టామండి. ఇప్పుడు అసలు కదలట్లేదు" అన్నాడు గవరయ్య గర్వంగా.

ఆఫీసరు పళ్ళేలు చూశాడు, నీళ్ళపప్పే. నూకాలు చేతులు చూశాడు, పుల్లల్లా ఉన్నాయి. ఆయనకి ఒళ్ళు మండింది. "బుద్ధుందా మీకు? ఎదగాల్సింది ఈ పిల్లలు! ఇదే ఆఖరి అవకాశం. తోటకి చెయ్యాల్సిన సేవలన్నీ ఈ పిల్లలకి చెయ్యండి. నెల తర్వాత వచ్చి చూస్తా, ఎదగలేదో తోట పక్క ఊరికే!" అని అరిచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సన్యాసి తోటలో పాదులన్నీ మళ్ళీ తవ్వాడు. పిల్లల్ని వరసగా నిలబెట్టి మోకాళ్ళదాకా మట్టి కప్పాడు. గవరయ్య తట్టతో పేడెరువు వేశాడు. పైడమ్మ బిందెతో ఒక్కొక్కరి నెత్తిన నీళ్ళు పోసుకుంటూ వచ్చింది.

నూకాలు వణుకుతూ అడిగింది. "అత్తా, అన్నం ఎప్పుడే?"

"ఆగవే తొందరా! ముందు వేళ్ళు పట్టనీ" అంది పైడమ్మ, ఆ పిల్ల పక్కన ఊతకర్ర పాతుతూ. "ఇయ్యాళ నాటితే ఇయ్యాళే తిండా?"