ఓబులేసు వాకిట్లో నక్క

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక రాళ్ళగుట్ట. గుట్ట దిగితే ఓబులేసు వేరుశనగ చేను. చేని నడుమ రేకుల ఇల్లు, ఇంటి పక్కన ముళ్ళకంప కట్టిన మేకల దొడ్డి, దొడ్డి ముందు కాళ్ళు చాపుకుని పడుకున్న ఒక నల్ల కుక్క. దాని పేరు కర్రోడు. ఈ కథ వాడిదే పిల్లలూ.

కర్రోడు చూడ్డానికి పెద్ద అందగాడేం కాదు. ఒక చెవి చిరిగింది, తోక మీద సగం బొచ్చు ఊడింది. కానీ వాడు దొడ్డి ముందు ఉన్నాడంటే మేకలన్నీ కంటినిండా నిద్రపోయేవి. నొసటన తెల్లచుక్క ఉన్న ఒక మేకపిల్ల అయితే కంప సందులోంచి దూరి వచ్చి, వాడి వీపు మీద గడ్డం ఆనించి పడుకునేది. దాన్ని అందరూ చుక్కీ అని పిలిచేవారు. అది వాడిని మామా అని పిలిచేది.

"మామా, నక్క వస్తే నన్ను ఎత్తుకుపోతుందా?" అని అడిగేది.

"నేనుండగా యాడికి ఎత్తుకుపోతుంది? గమ్మున పండుకో," అనేవాడు కర్రోడు.

గుట్ట మీద నిజంగానే ఒక నక్క ఉండేది. కానీ అది దొడ్డి వైపు కన్నెత్తి చూసేది కాదు. ఎలుకలు పట్టుకునేది, వాగు వంకల్లో పీతలు ఏరుకునేది, కాలం వస్తే రేగిపళ్ళు తినేది. మనిషి వాసన తగిలితే చాలు, వెనక్కి తిరిగి చూడకుండా పరుగు. చేనికి పైవైపు ఉన్న గట్టే దానికీ కర్రోడికీ సరిహద్దు. అవతల దానిది, ఇవతల వీడిది. ఏళ్ళ తరబడి ఇద్దరికీ పేచీ లేదు.

పేచీ తెచ్చింది ఎవరో తెలుసా? నక్క కాదు. కుక్కా కాదు. ఓబులేసే.

ఆ సీమలో పొద్దున్నే నక్క ముఖం చూస్తే మంచి జరుగుతుందని ఒక నమ్మకం. ఓబులేసు చేనిలో బోరు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఇంకోచోట వేయించాడు. మళ్ళీ దుమ్మే. మూడోసారి బోరుబండి వచ్చిన రోజున, తెల్లారుజామున గట్టు మీద నక్క అడ్డంగా వెళ్ళడం చూశాడు. ఆ పూట నీళ్ళు ఎగజిమ్మాయి! ఓబులేసు బురదలో నిలబడి చిన్నపిల్లాడిలా ఎగిరాడు, ఏడ్చాడు కూడా. నీళ్ళు భూమిలో ఉన్నందుకు వచ్చాయి. కానీ ఓబులేసు మాత్రం అదంతా నక్క చలవే అనుకున్నాడు.

"రోజూ ఆ ముఖం చూసినానంటే ఇంగ నాకు తిరుగుండదు," అన్నాడు భార్య తిమ్మక్కతో.

మర్నాడే ఒక రాగి సంగటి ముద్ద తీసుకెళ్ళి గట్టు మీద పెట్టి, చింతచెట్టు చాటున కూర్చున్నాడు. నక్క వచ్చింది. ముద్దను వాసన చూసింది. అటూ ఇటూ చూసి, గుటుక్కున మింగి పారిపోయింది. ఓబులేసు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

"ఆ నక్క నీ మేనత్త కూతురా, ముద్దలు పెట్టి పిలుస్తాండావు?" అని తిమ్మక్క మూతి తిప్పింది. ఓబులేసు వింటే కదా!

కర్రోడు ఇదంతా చూశాడు. గట్టు దగ్గరికి వెళ్ళి నక్కను నిలదీశాడు. "ఏమ్మే నక్కా, ఏందిది? మన మాటేంది, నువ్వు చేసే పనేంది?"

నక్క సిగ్గుపడింది. "నేను గట్టు దాటలేదు కదన్నా. మీ అయ్య పెట్టినాడు, తిన్నాను. వద్దంటే రానులే."

"వద్దు," అన్నాడు కర్రోడు.

కానీ పెట్టే చెయ్యి ఆగితేనా? ఇంత దూరం నడవడం ఎందుకని ఓబులేసు ఈసారి ముద్దను గడ్డివామి దగ్గర పెట్టాడు. దానికి తోడు కోడిని కోసినప్పుడు మిగిలిన పేగులూ కాళ్ళూ వేశాడు. నక్క గట్టు దాటి వామి దాకా వచ్చింది. ఈసారి దాని వెంట రెండు కూనలు కూడా ఉన్నాయి. కర్రోడు ఊరుకుంటాడా? మొరుగుతూ మీదికి ఉరికాడు. వెనక నుంచి ఓబులేసు చెప్పు వచ్చి వాడి వీపున తగిలింది.

"ఇంటికొచ్చే లక్ష్మిని తరుముతావా? బుద్ధుందా నీకు?"

ఆ రోజు నుంచీ తెల్లారుజామున కర్రోడి మెడకు గొలుసు పడింది. దొడ్డికి కాపలా ఉండాల్సిన వాణ్ణి ఇంటి వెనక పాతిన గూటానికి కట్టేశారు, నక్కకు ఇబ్బంది కలగకూడదని. విడ్డూరం కాకపోతే ఏమిటి చెప్పండి!

గొలుసు చివర నిలబడి వాడు నక్కతో మళ్ళీ అన్నాడు, "కూనల్ని ఎందుకు తెస్తాండావమ్మా? వాటికి ఎలుకను పట్టేది ఎవరు నేర్పుతారు?"

"నేర్పాలని తీసుకుపోతే రావన్నా," అంది నక్క. దాని గొంతులో కొంచెం బాధ ఉంది. "చిన్నోడైతే, అంత కష్టపడి ఎలుక ఎందుకమ్మా, ముద్ద ఉండాది కదా అంటాడు."

ఇక మూడోసారి ఓబులేసు ముద్దను వాకిట్లోకే తెచ్చాడు. గడప ముందు ఒక సత్తుగిన్నె పెట్టాడు. మంచం మీద నుంచి లేచి తలుపు తీస్తే ఎదురుగా నక్క ముఖం! ఆయన ఆనందం చెప్పనలవి కాదు. నక్క పారిపోవడం మానేసింది. కూనలైతే ఓబులేసు కాళ్ళ దగ్గరే తిరగసాగాయి. మేకలు మాత్రం రోజూ తెల్లారేసరికి ఒక మూలకు ముడుచుకుని నిలబడేవి. చుక్కీ కంప సందులోంచి తొంగి చూసి, "మామా, యాడుండావు?" అని పిలిచేది. "ఈడనే ఉండాను," అని ఇంటి వెనక నుంచి బదులిచ్చేవాడు కర్రోడు. దగ్గరికి వెళ్ళలేకపోయేవాడు. అది వాడికి చెప్పుదెబ్బ కంటే ఎక్కువ బాధగా ఉండేది.

ఒకనాడు పక్క ఊళ్ళో పెళ్ళి. ఓబులేసు, తిమ్మక్క చీకటితోనే బయలుదేరారు. ఎప్పటిలా కర్రోడిని కట్టేశారు గానీ, హడావిడిలో ముద్ద పెట్టడం మరిచారు, గొలుసు విప్పడమూ మరిచారు.

తెల్లవారింది. నక్క, కూనలు వాకిట్లోకి వచ్చాయి. గిన్నె ఖాళీ. కూర్చున్నాయి. తలుపు తెరుచుకోలేదు. ఎండ గడప దాకా వచ్చినా ఎవరూ రాలేదు.

"పదండి, గుట్టకు పోదాం," అంది తల్లి.

"నాకు ఆకలైతాంది," అన్నాడు చిన్నోడు. వాడికి గుట్ట మీద ఏం దొరుకుతుందో తెలియదు. తిండి అంటే ఈ వాకిలే. గంప కింద పొదుగుతున్న కోడిపెట్ట కనిపించింది. గంప పడదోసి దాన్ని నోట కరుచుకున్నాడు. పెద్ద కూన దాన్ని లాక్కుంది. చిన్నోడు ఊరుకోలేదు. దొడ్డి వైపు తిరిగాడు. మామ కోసం సందులోంచి తల బయట పెట్టి చూస్తున్న చుక్కీని కాలు పట్టి ఈడ్చాడు.

ఆ అరుపు విని కర్రోడు గొలుసు మీద పడి లాగాడు. గొంతు బిగుసుకుంది. మళ్ళీ లాగాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. మూడోసారి లాగితే గూటమే పెకలివచ్చింది. గొలుసూ గూటమూ ఈడ్చుకుంటూ వాడు వచ్చిన తీరు చూసి నక్కలు మూడూ గుట్ట ఎక్కేశాయి.

చుక్కీ బతికింది. కానీ వెనక కాలు చీరుకుపోయింది. అది వణుకుతూ, "మామా, ఇంతసేపు ఎందుకు రాలేదు?" అంది. కర్రోడు దాని కాలు నాకుతూ అక్కడే కూర్చున్నాడు.

సాయంత్రం ఓబులేసు వచ్చి చూశాడు. వాకిలంతా ఈకలు, దొడ్డి ముందు నెత్తురు. తిమ్మక్క చుక్కీని ఒడిలోకి తీసుకుని కాలికి పసుపు అద్దుతూ కళ్ళొత్తుకుంది. ఓబులేసు కోపం ఆకాశాన్ని అంటింది.

"నా ముద్ద తిని నా ఇంటికే కన్నం వేస్తుందా! బొరియకు పొగబెట్టి తల్లినీ పిల్లల్నీ చంపుతా. కర్రోడా, నీ ముక్కుకు తెలుసు కదా దాని జాడ. పద, చూపించు!"

కర్రోడికి బొరియ తెలుసు. నక్క మీద కోపమూ ఉంది. మెడ మీద గొలుసు ఒరిసిన పుండు ఇంకా మండుతోంది. గుట్ట మీదికి నడిస్తే ఒక్క గడియలో పగ తీరిపోతుంది. వాడు కాసేపు నిలబడి ఆలోచించాడు. తర్వాత ముక్కు నేలకు ఆనించి నడక మొదలుపెట్టాడు. ఓబులేసు గడ్డపార, అగ్గిపెట్టె పట్టుకుని వెంట నడిచాడు.

కర్రోడు ముందుగా గట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఆగి, "ఇది మొదటి జాడ అయ్యా," అన్నాడు.

తర్వాత ఓబులేసు ఎదురుచూసినట్టు గుట్ట వైపు పోలేదు. వెనక్కి తిరిగి గడ్డివామి దగ్గరికి వచ్చాడు. కోడి ఎముకలు ఇంకా అక్కడే ఉన్నాయి. "ఇది రెండోది," అన్నాడు.

"ఒరే, ఇటు కాదురా, బొరియ చూపమంటే ఇంటికి తోలుకొస్తాండావు!" అన్నాడు ఓబులేసు.

కర్రోడు వాకిట్లోకి వచ్చి గడప ముందు గిన్నె దగ్గర ఆగాడు. "ఇది మూడోది. నక్క వచ్చిన దారి ఇదే అయ్యా. ఈ దారి అది వేయలేదు, నువ్వు వేసినావు. ఆ తల్లిని చంపితే ఇంకో నక్క వచ్చి ఇదే గిన్నె ముందు కూర్చుంటుంది. అప్పుడు దాన్నీ చంపుతావా?"

ఓబులేసు గిన్నె వంక చూశాడు. చేతిలో గడ్డపార బరువెక్కింది. నెమ్మదిగా దాన్ని గోడకు ఆనించి, వంగి గిన్నె తీశాడు.

మర్నాడు మొగుడూ పెళ్ళామూ కూర్చుని దొడ్డికి కొత్త కంప కట్టారు. కోడి పేగులూ ఎముకలూ లోతుగా గుంట తీసి పూడ్చారు. గొలుసును అటక మీద పడేశారు. అన్నీ సులువైన పనులే. కష్టమైన పని ఒకటి మిగిలింది.

ఆ మరుసటి రోజు తెల్లారగానే నక్క వచ్చి వాకిట్లో కూర్చుంది. ఆ రోజే ఓబులేసు విత్తనం వేయాలి. ఏడాది పంటకు మొదటి రోజు. ఎదురుగా నక్క ముఖం! ఆయన చేతులు దండానికి లేచాయి. పక్కన కర్రోడు ఆయన వంకే చూస్తున్నాడు. ఓబులేసు కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళెం తీసుకుని, గరిటెతో దబదబా బాదాడు. "పో! పో నక్కా! నీ తావుకు పో!" అని అరిచాడు. కర్రోడు మొరుగుతూ గట్టు దాకా తరిమాడు. నక్క పరుగెత్తుతూ వెనక్కి తిరిగి చూసింది. దానికి ఏమీ అర్థం కాలేదు పాపం.

ఆ మర్నాడూ వచ్చింది. ఆ తర్వాతా వచ్చింది. ప్రతిసారీ పళ్ళెం మోగింది. ఆపైన రాలేదు. నక్క ముఖం చూడకుండా వేసిన విత్తనం చక్కగా మొలిచింది. చుక్కీ కుంటుతూనే మళ్ళీ మామ వీపు మీద గడ్డం ఆనించి పడుకుంది.

వానలు వెళ్ళాక ఒక సాయంత్రం కర్రోడికి గట్టు అవతల నక్క కనిపించింది. చిక్కిపోయింది. నోట్లో ఎలుక ఉంది. వెంట ఒక్క కూనే ఉంది.

"చిన్నోడేడమ్మా?" అని అడిగాడు కర్రోడు.

నక్క ఎలుకను కింద పెట్టింది. "అవతలి చేనికి పోయినాడన్నా. వద్దంటే వినలా. ఆ చేన్లో ఒక మనిషి కట్టె పట్టుకొని నిలబడి ఉంటే, ముద్ద పెడతాడేమో అనుకొని దగ్గరికి పోయి ముందర కూర్చున్యాడు. కట్టె దెబ్బకు మళ్ళీ లేయలా."

అంతే చెప్పింది. ఎలుకను నోట కరుచుకుని, కూనను ముందు పెట్టుకుని గుట్ట ఎక్కింది.

కర్రోడు ఇంటికి వచ్చేసరికి ఓబులేసు సంగటి ముందు కూర్చున్నాడు. "నక్క కనపడిందా రా?" అని అడిగాడు. కర్రోడు విన్నది విన్నట్టు చెప్పాడు. ఓబులేసు కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"దానికి పెడతాండాను అనుకున్యా కర్రోడా," అన్నాడు చివరికి. "నాకోసమే పెట్టుకున్యా."

నీతి: మన లాభం కోసం అడవి జీవికి మనిషి అంటే భయం పోగొట్టడం దయ కాదు. దాన్ని దాని తావులో దాని కష్టం మీద బతకనివ్వడమే దానికీ మనకూ మేలు.