గోరింట వెయ్యని ఈల

“గోరింటా... ఓ గోరింటా, ఎక్కడున్నావే?”

అనగనగా ఒక మద్దిచెట్ల అడవిలో, పొద్దు అప్పుడే గుట్ట మీదికి తల ఎత్తుతున్న వేళ, ఒక రేచుకుక్క, అంటే అడవికుక్క, ఇలా పిలుస్తోంది. దాని పేరు కెంపు. ఆ రేచుకుక్కల మందకు అదే పెద్ద. గోరింట దాని మేనకోడలు. ఆ గోరింట ఎంతో దూరంలో లేదు పిల్లలూ. ఎండుటాకుల్లో బోర్లా పడి ఉంది. ముందుకాలు మద్దివేరు కింద ఇరుక్కుంది. అత్త పిలుపు చక్కగా వినపడుతోంది. అయినా పలకలేదు.

ఎందుకు పలకలేదో చెబుతాను, వినండి.

రేచుకుక్కలు ఒంటరిగా వేటాడవు. అన్నీ కలిసి, వల పన్నినట్టు పరిగెడతాయి. ఆ వేళ కెంపు వెనకనుంచి దుప్పిని తరుముతోంది. కెంపు కొడుకు మోదుగు కుడివైపు ఉన్నాడు. గోరింట ఎడమవైపు, వాగు పక్కన ఉంది. చివర్న రెండు గుట్టల మధ్య ఇరుకు దారి ఉంది. దాన్ని గండి అంటారు. ఆ గండిలో కెంపు తండ్రి జాజితాత కాపు కాస్తున్నాడు.

వాళ్ళ మందలో ఒక కట్టుబాటు ఉంది. రేచుకుక్కల కూత ఈలలా ఉంటుంది. పరుగులో ఎవరైనా పడితే వెంటనే ఆ ఈల వెయ్యాలి. ఆ ఈల వినగానే పక్కనున్నవాళ్ళు జరిగి ఆ ఖాళీని మూసేస్తారు. పడినవాళ్ళను ఎవరూ తిట్టరు. తిట్టకూడదు కూడా.

మరి గోరింటకు ఈల రాదా? వచ్చు. కానీ సిగ్గు. తాను ఎలా పడిందో తనకు తెలుసు కదా. ఆకుల సందుల్లోంచి ఎండ సన్నటి జల్లులా రాలుతోంది. ఆ వెలుగులో తన ఎర్రటి ఒళ్ళు నిప్పురవ్వలా మెరుస్తోందని, అటువైపునుంచి మోదుగు బావ చూస్తూనే ఉంటాడని అనుకుంటూ పరిగెత్తింది. మనసు మబ్బుల్లో ఉంది. చూపు నేల మీద లేదు. వేరు కాలికి తగిలింది. అంతే.

‘ఈల వేస్తే బావకు తెలిసిపోతుంది. ఏడాదంతా నవ్వుతాడు. గబుక్కున లేచి కలిసిపోతే ఎవరికి తెలుస్తుంది?’ అనుకుంది గోరింట.

“గోరింటా, నీ వైపు చడీచప్పుడూ లేదేమే?” అని కెంపు రెండోసారి పిలిచింది.

గోరింట నోరు మూసుకుని కాలు లాగింది. రాలేదు. ఇంకా గట్టిగా లాగింది. మూడో పిలుపు వినపడేసరికి ఎదురుగా పొదలు కదిలాయి. కొమ్ములు తిరిగిన పెద్ద దుప్పి ఆమె తల పక్కనుంచే దూకి, వాగు దాటి వెళ్ళిపోయింది. అప్పుడు ఊడివచ్చింది కాలు.

మంద అంతా గండి దగ్గర చేరింది. కెంపు రొప్పుతోంది.

“మూడు రోజులైంది ఏమీ దొరక్క,” అంది. “నా పాలు ఎండిపోతున్నాయి. బొరియలో పిల్లలు ముగ్గురికీ ఏడ్చే ఓపిక కూడా లేదు. ఆ దుప్పి ఎటు పోయింది?”

“వాగు వైపమ్మా,” అన్నాడు జాజితాత. “గండిలో బండ మీంచి చూశాను. గోరింట పక్కనుంచే దూకింది.”

కెంపు మేనకోడలి వైపు తిరిగింది. “ఏమే, నిజమేనా?”

“లేదత్తా. నేను పరిగెడుతూనే ఉన్నాను. నా పక్కకు రానేలేదు.”

“మరి పిలిస్తే పలకవేం?”

“పరుగులో వినపడలేదు.”

మోదుగు నవ్వాడు. “తాతా, నువ్వు చూసింది దుప్పినేనా? మొన్న పుట్టను చూసి పంది అనుకుని దాని చుట్టూ మూడు చుట్లు తిరిగావు.”

అందరూ నవ్వారు. గోరింట కూడా నవ్వింది.

జాజితాత మనవరాలి ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు. “ఏమోనమ్మా. కళ్ళారా చూశాననే అనుకున్నాను. పిల్ల కాదంటోందిగా. దానికి అబద్ధం చెప్పే పనేముంది? గండిలోంచే పోయి ఉంటుంది. నా కళ్ళే మసకబారాయేమో.”

“అయితే రేపటినుంచి నువ్వు వేటకు రావద్దు నాన్నా,” అంది కెంపు. “గండిలో గోరింట నిలబడుతుంది.”

వేటకు పోనివాడికి ఆ మందలో మాట ఉండదు. జాజితాతకు ఆ సంగతి తెలుసు. అయినా “సరేనమ్మా” అన్నాడు.

తిరిగి వస్తుంటే ఆయన గోరింట పక్కన చేరాడు. “ఆ కొమ్మ మీద ఉన్నది పాలపిట్టేనా?” అని మెల్లగా అడిగాడు.

“అవును తాతా.”

“నీలంగానే ఉంది కదూ?”

“నీలంగానే ఉంది.”

గోరింటకు కాలి నొప్పి కంటే ఆ ప్రశ్నే ఎక్కువ నొప్పి పెట్టింది. చెప్పేద్దామనుకుంది. ముందు మోదుగు నడుస్తున్నాడు. చెప్పలేకపోయింది.

మర్నాడు తెల్లవారేసరికి కాలు వెలగకాయంత వాచింది. అది ఎవరి కంటా పడకుండా గోరింట గడ్డిలోంచి నడిచింది. గండిలో ఎలా నిలబడాలో చూపించడానికి జాజితాతే తోడు వచ్చాడు.

“ఈ బండ మీద నిలబడితే ఎండ కళ్ళలో కొట్టదు. దుప్పి వస్తే కంగారుపడకు. ఒక్క అడుగు ముందుకు వెయ్యి, చాలు. అదే వెనక్కి తిరుగుతుంది.” ఆయన చూపు కిందికి దిగింది. “కాలికేమైందే?”

“ముల్లు గుచ్చుకుంది తాతా.”

“ఏదీ, చూడనీ.”

“తీసేశాలే.”

అంతలో దూరంనుంచి కెంపు ఈల వినపడింది. వేట మొదలైంది. గిట్టల చప్పుడు దగ్గరవుతోంది. గోరింట బండ మీద కాలు మోపింది. కాలు నిలవలేదు. మళ్ళీ మోపింది. అప్పుడూ నిలవలేదు. ఈ దుప్పి కూడా పోతే బొరియలో పిల్లలు రేపటిదాకా బతకరు.

“తాతా, నావల్ల కాదు. నువ్వు నిలబడు.”

“కెంపు వద్దంది కదే.”

“నీకు దణ్ణం పెడతాను తాతా. కాలు నిలవట్లేదు.”

జాజితాత బండ ఎక్కాడు. దుప్పి దుమ్ము రేపుకుంటూ గండిలోకి వచ్చింది. ఆయన ఒక్క అడుగు ముందుకు వేశాడు. దుప్పి గిర్రున వెనక్కి తిరిగింది. వెనక కెంపు, మోదుగు సిద్ధంగా ఉన్నారు.

కెంపు ముందు బొరియకు వెళ్ళి పిల్లల కడుపు నింపింది. తర్వాత మందను వాగు ఒడ్డుకు పిలిచింది.

“గండిలో నిన్నెవరు నిలబడమన్నారు నాన్నా?”

“దుప్పి దొరికింది కదమ్మా.”

“దొరక్కపోతే? ఎవరి చోట వాళ్ళు ఉండబట్టే ఇది మంద అయింది. నిన్న దుప్పిని వదిలేశావు. ఇవాళ మాట దాటావు. ఎవరు నిలబడమన్నారో చెప్పు.”

జాజితాత గోరింట వైపు ఒకసారి చూశాడు. “ఎవరూ అనలేదు. నేనే ఆశ చంపుకోలేక పిల్లను పక్కకు జరిపాను.”

కెంపు కళ్ళు మూసుకుంది. తెరిచేటప్పటికి అవి తడిగా ఉన్నాయి. “అయితే మంద విడిచి వాగు అవతలికి వెళ్ళిపో నాన్నా. పెద్దవాడివని నిన్ను వదిలేస్తే రేపు ఎవరూ మాట వినరు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. మోదుగు కూడా నవ్వలేదు. జాజితాత లేచాడు. ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వేశాడు. మూడో అడుగు నీళ్ళలో పడింది.

గోరింట వాచిన కాలు ఎత్తి పట్టుకుని, మూడు కాళ్ళ మీద మంద మధ్యకు వచ్చింది. అందరూ ఆ కాలినే చూశారు. మోదుగు కూడా చూశాడు. గోరింట కెంపు వైపు తిరిగింది.

“తాతను వెళ్ళనివ్వకు అత్తా. గండిలో నిలబడమంది నేనే. నిన్న నేను పడ్డాను. ఎటో చూస్తూ పరిగెత్తి పడ్డాను. బావ నవ్వుతాడని ఈల వెయ్యలేదు. నువ్వు మూడుసార్లు పిలిచావు. మూడుసార్లూ విన్నాను. దుప్పి నా పక్కనుంచే పోయింది. తాతా, నీ కళ్ళకేమీ కాలేదు. నువ్వు చూసిందే నిజం.”

కెంపు నీళ్ళలోకి దిగి తండ్రిని ఒడ్డుకు పిలుచుకొచ్చింది.

నీతి: పడటం తప్పు కాదు, పడ్డానని చెప్పకుండా దాచుకుంటే, ఆ దెబ్బ ఇంకొకరికి తగులుతుంది.