మేపుల్ మొదట్లో మట్టి

హిమవతి తోటపని గుత్తకు దిగిననాడు ఆమె దగ్గరున్నది ఇరవై వేలు. అంతా పెట్టి ఐదు జపాన్ మేపుల్ మొక్కలు కొని, హార్స్‌లీ కొండల మీది ఒక అతిథి గృహం ముందు నాటింది. ఎర్రటి ఆకుల తోట చూపిస్తే ఏటా పని ఇస్తానన్నది యజమాని మాట. రెండో ఉగాదికల్లా చూపించలేకపోతే చెట్లు పీకిస్తానన్నదీ ఆయన మాటే.

రెండో చలికాలానికి చెట్లు మోడులయ్యాయి. ఆకు రాల్చడం వాటి గుణమే, కానీ ఈసారి కొమ్మల కొసలు నల్లబడ్డాయి. కట్టెపుల్లలకు నీళ్లు పోస్తా ఉండావా అని యజమాని వచ్చినవాళ్ల ముందే నవ్వాడు. ఆమె తనకు పని నేర్పిన గురువు చెంగల్రాయుల దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, నేను వాటికేం తక్కువ చేసినాను?"

ముందు చెట్లు చూడాలన్నాడాయన. కొండెక్కి వచ్చి మొదటి చెట్టు పక్కన గొంతుక్కూర్చున్నాడు. హిమవతి చెరకు పండించే ఇంటి పిల్ల. చెరకుకు చేసినట్టే ప్రతి కాండానికీ జానెడెత్తు మట్టి ఎగదోసి, పైన ఎరువు వేసి, రోజూ తడిపింది. ఆయన ఆ మట్టిని చేత్తో లాగితే లోపల బెరడు నాని, కుళ్లబోతున్నట్టు మెత్తగా తగిలింది. వేర్లు ఎండకు మాడిపోతాయని ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన బతిమాలగా బతిమాలగా ఒక్క చెట్టుకు ఒప్పుకుంది. కాండం వెడల్పై వేర్లుగా విడిపోయే చోటు కనబడేదాకా మట్టి తీసి, ఆయన చేతులు దులుపుకుని కొండ దిగాడు.

ఉగాది దగ్గరపడింది. చెట్లు పీకడానికి యజమాని కూలీలను మాట్లాడిన వారంలోనే ఆ ఒక్క చెట్టు కణుపు కణుపునా చిగిర్చింది. ఆకులు విచ్చుకునేసరికి వెనకున్న తెల్లగోడ కూడా ఎర్రబడింది. నవ్విన యజమానే అతిథులను పిలుచుకొచ్చి దాని పక్కన ఫొటోలు తీయించాడు. కూలీలను రావద్దన్నాడు. ఏడాది పనికి హిమవతి చేతిలో చెయ్యి వేశాడు.

కబురందుకుని గురువు వచ్చేసరికి ఆమె ఆ చెట్టు పక్కన గంపెడు కొత్తమట్టితో నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది. ఇంత మేలు చేసిన చెట్టుకు ఇంకేం చేయమంటారని అడిగింది. ఆయన మిగతా చెట్ల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కదాని బెరడు గోటితో గీకి చూశాడు. లోపల పచ్చగానే ఉంది.

"దానికేమీ వద్దు తల్లీ. గంప ఖాళీ చేసుకుని రా, మట్టి తియ్యాల్సినవి ఇంకా నాలుగుండాయి."