ఎర్రమీసాల గోధుమ

అనగనగా నల్లరేగడి నేలల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్ళె గోధుమకు ఎవ్వరూ నీళ్ళు పెట్టకపోతుండె బిడ్డా. చలికాలం మంచు తాగే పండుతుండె. కంకికి ఇంతింత మీసాలు. తెల్లమీసాలది రొట్టెకు మెత్తన. నల్లమీసాలది కరువుకు గట్టిది. ఎర్రమీసాలదానికి తెగులంటే లెక్కలేదు, గుచ్చుకుంటదని పిట్ట గూడ వాలకపోతుండె. మూడూ పక్కపక్కన చల్లుకుంటే, ఒకటి పోయినా ఒకటి నిలుస్తుండె.

ఆ ఊరి ఆడోళ్ళకు ఒక కట్టుబాటు ఉండె. విత్తనం ఒక్కింట్ల పెట్టొద్దు. తనింట్ల ఒక కుండ పెట్టుకొని, ఇంకో రెండిండ్లల్ల దాపియ్యాలె. ఒకామె కుండకు పురుగు పట్టినా, ఒకామె ఇల్లు కాలినా, మూడో ఇంట్ల గింజ బతికుంటది.

అప్పుడు ఊరికి బోర్లొచ్చినయి. బోర్ల ఎనక పొట్టి గోధుమొచ్చింది. దానికి మీసం లేదు, రోషం లేదు, పండితే మాత్రం ఇల్లు నిండుతుండె. అందరూ దాని ఎంట పడ్డరు. తెల్లమీసాలదాన్ని కోళ్ళకేసిన్రు. ఆ తర్వాత నల్లమీసాలది ఎవరి పెండ్లిలనో ఉప్మా అయింది. ఎర్రమీసాలది ఒక్క తుల్జమ్మే చేను గట్టెంబడి చల్లుకుంటుండె.

తుల్జమ్మకు మొగడు లేడు, పిల్లల్లేరు. ఆ గోధుమే ఉండె.

"ఓ తుల్జక్కా, నీ గోధుమకు గడ్డం గీయించరాదు!" అని బాట మీద పోయేటోళ్ళు నవ్వుతుండ్రి.

"నీ పొట్టిదానికి మొలిచినంక రెండిటికీ కలిపి గీయిస్త, నువ్వు పో!" అంటుండె.

ఒక ఏడు బోర్లెండినయి. ఆ తర్వాత తుప్పు తెగులొచ్చింది. పొట్టి గోధుమ ఆకు ముట్టుకుంటే చేతికి కుంకుమ లెక్క అంటుతుండె. ఊరి గోధుమంత పాయె. గట్టెంబడి ఎర్రమీసాలు మాత్రం నిలవడ్డయి.

అప్పుడు నవ్వినోళ్ళే విత్తనమడిగిన్రు. తుల్జమ్మ కంకులు కొట్టి, గింజలు మూడు కుండలల్ల పోసింది. వేపాకు వేసింది, బూడిద కలిపింది, మూతికి పేడ అలికింది. ఒకటి తనింట్ల పెట్టింది. ఒకటి పక్కింటి మానెమ్మకు, ఒకటి వాగొడ్డు సుశీలమ్మకు ఇచ్చింది. "వచ్చే చలికాలం తలా ఇంత చల్లుకుందం. పైలంగ దాపెట్టు చెల్లె" అన్నది.

ఈ ముచ్చట పట్నం దాకా పోయింది. ఆ మొండి గోధుమను చూస్తమని పెద్దలు బయల్దేరిన్రు. సర్పంచ్ నాగ్‌శెట్టి తుల్జమ్మింటికొచ్చిండు.

"అక్కా, పట్నం సుట్టాలకు పాత గోధుమ రుచి చూపియ్యాలె. నీ కుండ ఇయ్యి."

"విత్తనం వండుకుంటరా ఎవరన్న? నీకు సిగ్గులేదు!"

"వాళ్ళు మెచ్చితే మనూరికి విత్తనాల గోదాం కట్టిస్తరట. నీకు శాలువ గూడ కప్పుతరట. ఇంటికొచ్చినోళ్ళకు లేదంటవా?"

తుల్జమ్మ ఆలోచన చేసింది. మానెమ్మ కాడ ఉన్నది, సుశీలమ్మ కాడ ఉన్నది. నా ఒక్కకుండ పోతే ఏమాయె? శాలువ మాట గూడ చెవికి తియ్యగనే ఉండె. కుండ తీసిచ్చింది.

పెద్దలొచ్చిన్రు. వాళ్ళకు పోలెలు చేసిన్రు, రొట్టెలు చేసిన్రు, పాయసం చేసిన్రు. తుల్జమ్మకు శాలువ కప్పిన్రు. ఒకాయన ఏలు నాక్కుంట అన్నడు, "బంగారమమ్మా ఇది! గోదాంల దాచనీకి పిడికెడు విత్తనం ఇయ్యుండ్రి."

"మానెమ్మా, నీ కుండ తేపోవే" అని తుల్జమ్మ నవ్వింది.

మానెమ్మ కదల్లేదు. "సర్పంచడిగితే నిన్ననే ఇచ్చిన. మీ ఇద్దరి కాడ ఉంటదనే గదా అక్కా..."

అప్పుడు ఇద్దరూ సుశీలమ్మ దిక్కు చూసిన్రు. సుశీలమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది.

తుల్జమ్మ ఆ గోధుమ పిండి పట్టిన గిర్ని కాడికి ఉరికింది. మోకాళ్ళ నొప్పి యాదిలేదు. శాలువ జారి బాటల పడ్డది. గిర్ని కింద ఊడ్చింది, సంచులు దులిపింది, జల్లెడ తట్టింది. అన్నీ నలిగిన గింజలే. అయినా కొంగుల కట్టుకొచ్చి గట్టెంబడి చల్లింది. చలికాలమొచ్చింది. మంచు మంచిగనే పడ్డది. గడ్డి మొలిచింది.

"ఒక్కటన్న మొలవలేదా అమ్మమ్మా?"

మొలవలే బిడ్డా. నలిగిన గింజకు మన ఏడుపు ఇనపడదు.

గోదాం మాత్రం కట్టిన్రు. గోడ మీద ఎర్రమీసాల కంకి బొమ్మ, లోపల పొట్టి గోధుమ బస్తాలు. తుల్జమ్మ ఆ దారిన పోయినప్పుడల్ల ఆగి, బొమ్మ మీసాలను ఏలుతోని ముట్టి చూస్తుండె.

గుచ్చకపోతుండె.

కథ కంచికి పాయె,
గింజ గిర్నికి పాయె,
ఉత్త కుండ మనకాయె,
ఇంటికి పోదమాయె.