గుండెలోకి వెళ్ళిన మడత

అనగనగా ఒక ఊళ్ళో, కాగితం కనబడితే చాలు చేతులు ఊరుకోని పిల్ల ఒకతి ఉండేదమ్మా. దాని పేరు నూకరత్నం. పడవలు, కత్తిపడవలు, ఊదితే ఉబ్బే బంతులు, ఒకటేమిటి! అమ్మానాన్నా లేని పిల్ల. గవరయ్య తాతే పెంచాడు.

అది పెరిగి పెద్దదై, వైద్యానికి కావాల్సిన పనిముట్లు తయారుచేసే చోట ఉద్యోగంలో చేరింది. ఆ తర్వాత తాతకి గుండెనొప్పి వచ్చింది. గుండెకి నెత్తురు తీసుకెళ్ళే గొట్టం ఒకటి సన్నబడిపోయిందట.

"లోపల చిన్న గొట్టం పెట్టి దారి తెరవాలమ్మా," అన్నారు డాక్టరుగారు. "మా దగ్గరున్నవి సన్నబడ్డ చోటున్న మెలికలో దూరడం లేదు. దూరేంత సన్నవి పెడితే దారి తెరుచుకోదు. కోసి చేద్దామంటే ఈయన తట్టుకోలేరు."

 రత్నం ఏం చేస్తుంది పాపం? భయమేసినప్పుడల్లా చేసే పనే చేసింది. ఊదితే ఉబ్బే బంతిని మడిచింది. అణిగిమణిగి ఉన్న ఆ కాస్త మడతా ఊదగానే నిమ్మకాయంత అయింది. వెళ్ళేటప్పుడు చిన్నది, వెళ్ళాక పెద్దది! కావాల్సింది అదే కదా?

అప్పుడు పల్చటి రేకుతో అలాంటి మడతల గొట్టం చేసింది. మొదటిది మడత దగ్గర చిట్లిపోయింది. రెండోది విప్పుకోనే లేదు, మొండిఘటం. మూడోది గాజుగొట్టంలో పెట్టి చూస్తే చక్కగా విప్పుకుంది. డాక్టర్లు తిప్పితిప్పి చూసి, పరీక్షలన్నీ పెట్టి, సరేనన్నారు. రత్నానికి మాత్రం అన్నం సయించలేదు. గాజుగొట్టంలో విప్పుకున్నది గుండెలోనూ విప్పుకోవద్దూ? విప్పుకోకపోతే తాత దక్కడు.

గుండెలో దాన్ని పెట్టే రోజు రానే వచ్చింది. తాత మెలకువగానే ఉన్నాడు. పైకి మీసం దువ్వుతున్నాడు గానీ లోపల ఒకటే దడ.

"ఒసే రత్నం, ఏదైనా కథ చెప్పవే. ఊ కొడుతూ పడుకుంటాను," అన్నాడు. డాక్టరుగారు ఒప్పుకున్నారు. రత్నం తాత తల దగ్గర నిలబడి, బావిలో పడ్డ ఏనుగు కథ మొదలెట్టింది.

చేతి నరంలోంచి సన్నటి తీగ లోపలికి వెళ్ళింది. తీగ చివర ఆ మడత. లోపలిది చూపించే తెరమీద నల్లగా కనబడుతోంది. "ఊ," అన్నాడు తాత. మడత మెలిక దాటింది. "ఊ," అన్నాడు. అప్పుడు డాక్టరుగారు విప్పడం మొదలెట్టారు. ఒక కొస విప్పుకుంది. ఆ తర్వాత నడుమ విప్పుకుంది. రెండో కొస మాత్రం కదల్లేదు.

రత్నం కళ్ళు తెరకి అతుక్కుపోయాయి. విప్పుకో తల్లీ, విప్పుకో. ఉన్నట్టుండి దానికి తెలిసొచ్చింది, తాత ఊ కొట్టడం లేదు! గదిలో చప్పుడే లేదు. దాని పైప్రాణాలు పైనే పోయాయి. తల తిప్పి చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

అప్పుడు ఆ కొస కూడా మెల్లిగా విప్పుకుంది. "దారి తెరుచుకుందమ్మా!" అన్నారు డాక్టరుగారు.

"తాతా!" అని బావురుమంది రత్నం. "ఊ కొట్టడం ఆపేశావేం? నా ప్రాణం పోయిందనుకో!"

"ఓసి నీ దుంపతెగ! నువ్వు కథ ఆపేస్తే నేను దేనికి ఊ కొట్టనే?" అన్నాడు తాత. "ఏనుగుని బావిలో వదిలేసి ఊరుకున్నావు. ఇంతకీ పైకొచ్చిందా, లేదా?"

వచ్చిందిలేమ్మా, ఇక నువ్వు పడుకో.

కథేమో కంచికి, కునుకేమో కంటికి!